పాత గ్రంథాలయాలకు అంత వైభవం ఎందుకు? అక్కడ నిజంగా చదివేవారా?

మీరు అడిగినవి మూడు సంగతులు. ఫొటోల్లో కనిపించే యూరప్ పాత గ్రంథాలయాలు రాజమందిరాల్లా ఎందుకుంటాయి, వాటిలో నిజంగా ఎవరైనా కూర్చుని చదివారా, ఒక్కటే చూసే వీలుంటే ఏది చూడాలి. పాత పుస్తకాల సంరక్షణ నా వృత్తి. అందువల్ల ఈ భవనాలను ముందు పుస్తకం వైపు నుంచి చూస్తాను, చిత్రకళ, శిల్పం ఆ తర్వాతే. సమాధానం కూడా ఆ వరుసలోనే ఇస్తాను.

వైభవం ఉన్నమాట నిజం. రాజులు, పోపులు, మఠాధిపతులు డబ్బు గుమ్మరించి కట్టించారు. తమ పేరు నిలబడాలన్న కోరిక ప్రతి పైకప్పు మీదా కనిపిస్తుంది. అయితే మీకు అలంకారంగా తోచేవాటిలో చాలా భాగం భయం నుంచి పుట్టింది. నిప్పు, చెమ్మ, పురుగు, దొంగ: పుస్తకానికి ఈ నలుగురూ పాత శత్రువులు. నిప్పుకు భయపడి దీపం వెలిగించకూడదన్నారు కాబట్టి చదువంతా పగటి వెలుగులోనే సాగాలి. దొంగకు భయపడి తలుపు వేశారు కాబట్టి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న తగవు మొదలైంది. అందుకే ఏ పాత గ్రంథాలయం ఫొటో చూసినా నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. వెలుగు ఎటు నుంచి వస్తోంది? తాళంచెవి ఎవరి చేతిలో ఉండేది? మొదటి ప్రశ్న వాస్తుశిల్పాన్ని విప్పుతుంది, రెండోది ఆ సమాజం చరిత్రను.

దీపం విషయం అతిశయోక్తి కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో 1602లో తెరిచిన బోడ్లియన్ గ్రంథాలయంలో చేరే పాఠకులు ఈనాటికీ ఒక ప్రమాణం చేస్తారు: లోపలికి నిప్పు తేను, మంట రాజెయ్యను అని. ఆ చలి దేశంలో 19వ శతాబ్దం నడిమి దాకా ఆ గదులను వేడి చేసే ఏర్పాటే లేదు. గడ్డకట్టే చలిలో చేతులు నలుపుకుంటూ చదివిన వాళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నారు. బయటికి ఇవ్వకూడదన్న నియమమూ అంతే గట్టిది. 1645లో సాక్షాత్తు రాజు మొదటి చార్లెస్ ఒక పుస్తకం పంపమని అడిగితే, నిబంధనలు ఒప్పుకోవని చెప్పి ఇవ్వలేదు.

వెలుగు, చెమ్మ గురించిన ఆలోచన ఇంకా పాతది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ గ్రంథాలయం తూర్పు ముఖంగా ఉండాలని రాశాడు. చదవడానికి ఉదయపు ఎండ పనికొస్తుంది, దక్షిణం, పడమర నుంచి వచ్చే తేమగాలి పురుగును, బూజును పెంచుతుంది అన్నది ఆయన వాదన. ఇప్పటి టర్కీలోని ఎఫెసస్‌లో, 2వ శతాబ్దం తొలినాళ్లలో కట్టిన సెల్సస్ గ్రంథాలయం తూర్పుకే తిరిగి ఉంది. పత్రికల్లో వచ్చే ఫొటోలన్నీ ఆ రెండంతస్తుల ముఖభాగానివే, అది కూడా 1970ల్లో పడిపోయిన రాళ్లను ఏరి తిరిగి నిలబెట్టింది. పుస్తకాల పని చేసేవాళ్లు చూడవలసింది దాని వెనక ఉంది. అక్కడ గోడ ఒకటి కాదు, రెండు. మధ్యలో ఖాళీ వదిలారు, బయటి చెమ్మ లోపలి అరల్లోని గ్రంథాల చుట్టలకు తగలకుండా. ఆ నేల కింద ఒక సమాధి గది కూడా ఉంది. తండ్రి సెల్సస్ పేరిట కొడుకు అక్విలా కట్టించిన ఈ గ్రంథాలయం నిజానికి ఒక సమాధి మందిరం కూడా. ఊరి మధ్య ఖననం అరుదైన గౌరవం, దానికి ఆ కుటుంబం ఎంచుకున్నది గుడిని కాదు, గ్రంథాలయాన్ని.

మీ ప్రశ్న యూరప్ గురించే అయినా, ఇదే భయాలకు తూర్పు ఆసియా ఇచ్చిన జవాబు చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే ఆ నేర్పు నాకు ఎంతో ఇష్టం. దక్షిణ కొరియాలోని హేయిన్సా బౌద్ధాలయంలో 13వ శతాబ్దంలో చెక్కిన 81,258 ముద్రణ చెక్కపలకలు ఉన్నాయి. వాటి కోసం 15వ శతాబ్దంలో కట్టిన పొడవాటి చెక్క భవనాలు చూడటానికి గోదాముల్లా ఉంటాయి, ఒక్క బంగారు పూత లేదు. కానీ కిటికీలు గమనించండి. ముందు గోడకు కింది వరుస కిటికీలు పెద్దవి, పైవి చిన్నవి. వెనక గోడకు అది తలకిందులు: పైవి పెద్దవి, కిందివి చిన్నవి. ముందు కింది నుంచి వచ్చిన గాలి నేరుగా దాటిపోకుండా గదంతా తిరిగి వెనక పైనుంచి బయటికి పోతుంది. నేలలో బొగ్గు, ఉప్పు, సున్నం, మట్టి కలిపి దట్టించారు. వానాకాలంలో తేమను పీల్చుకుని, ఎండాకాలంలో వదిలే నేల అది. 1970ల్లో ఈ పలకల కోసం ఒక ఆధునిక భవనం కట్టి, పరీక్షగా కొన్నింటిని అందులో పెట్టి చూస్తే బూజు పట్టింది. పలకలు పాత చోటే ఉండిపోయాయి.

చైనాలోని నింగ్‌బోలో ఫాన్ చిన్ అనే మింగ్ రాజ్య అధికారి 1561లో మొదలుపెట్టిన తియాన్యీ గ్రంథాలయం ఇంకో రకం. అందులో ప్రతిదీ నిప్పుకు విరుగుడు. ముందు చెరువు. ప్రాచీన సూత్రం ప్రకారం నీటికి పుట్టుక అయిన ఆకాశానికి సంఖ్య ఒకటి, భూమికి ఆరు. అందుకే మేడ మీద అంతా కలిపి ఒకే గది, కింద ఆరు గదులు. ఇక తాళంచెవి సంగతి: ఫాన్ కుటుంబంలోని శాఖలన్నిటికీ తలా ఒకటి పంచారు, అందరూ కలిసి వస్తే తప్ప తలుపు తెరుచుకోదు. బయటివాడిగా మొదట మెట్లెక్కిన పండితుడు హువాంగ్ జోంగ్‌షీ, అది 1673లో. అంటే వంద ఏళ్లకు పైగా ఆ పుస్తకాలు ఆ ఇంటివారివే. తర్వాతి శతాబ్దంలో చియన్‌లాంగ్ చక్రవర్తి తన మహాగ్రంథ సంకలనాన్ని భద్రపరచడానికి ఏడు భవనాలు కట్టిస్తూ దీన్నే నమూనాగా తీసుకున్నాడు. వాటిలో బీజింగ్ రాజప్రాసాదంలో ఉన్నదానికి పసుపు పెంకులకు బదులు నల్ల పెంకులు వేశారు. నలుపు నీటికి రంగు.

ఇక యూరప్. అక్కడి మధ్యయుగపు పుస్తకం చేతిరాత, తోలు పుటలు, ఒక్కో ప్రతి ఏళ్ల తరబడి శ్రమ. అందుకే దాన్ని బల్లకు గొలుసుతో కట్టారు. గొలుసు ఉంటే పుస్తకం వెలుగు దగ్గరికి రాదు, వెలుగే పుస్తకం దగ్గరికి రావాలి. ఆ కాలపు గ్రంథాలయాలన్నీ పొడవుగా, ఇరుకుగా, రెండు వైపులా వరుస కిటికీలతో ఉండటానికి కారణం ఇదే. కిటికీకి పక్కగా ఒక వాలుబల్ల, మళ్లీ కిటికీ, మళ్లీ బల్ల. ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్ కెథెడ్రల్‌లో గొలుసుల గ్రంథాలయం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ పుస్తకాల వెన్ను లోపలికి, పుటల అంచు బయటికి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎవరో పొరపాటున తిరగేసి పెట్టారనుకుంటారు. గొలుసు ముందు అట్ట అంచుకు బిగించి ఉంటుంది, వెన్ను బయటికి పెడితే తీసినప్పుడల్లా గొలుసు మెలిపడుతుంది.

ఫ్లోరెన్స్‌లో మైకెలాంజెలో చేసిన లారెంజియానా గ్రంథాలయం ఈ పద్ధతికి శిఖరం. పోప్ ఏడో క్లెమెంట్ 1520ల్లో ఆ పని అప్పగించాడు. చెమ్మకు దూరంగా ఉండేలా సాన్ లొరెంజో మఠం పై అంతస్తులో కట్టాలి. కింద అప్పటికే గదులున్నాయి, గోడ బరువు పెరగకూడదు. అందుకే చదువుకునే గదిలో గోడను స్తంభాల చట్రంగా మార్చి, మధ్యను పలచన చేసి కిటికీలు తెరిచాడు. ఆ గది నిశ్శబ్దంగా, క్రమంగా ఉంటుంది. దానికి ముందున్న మెట్ల గది మాత్రం దానికి పూర్తిగా వ్యతిరేకం: ఎత్తుగా, ఇరుకుగా, గోడలోకి కూరుకుపోయిన జంట స్తంభాలతో ఊపిరాడనట్టు ఉంటుంది. నడిమి మెట్లు పైనుంచి కిందికి ఒలికి పరుచుకున్నట్టు వంపులు తిరుగుతాయి. మైకెలాంజెలో 1534లో ఫ్లోరెన్స్ వదిలి వెళ్లిపోయాడు, ఆ తర్వాత పంపిన మట్టి నమూనా ఆధారంగా అమ్మనాటి అనే వాస్తుశిల్పి 1559లో ఆ మెట్లు కట్టాడు. గ్రంథాలయం 1571లో తెరుచుకుంది. ఆ ఉక్కపోత నుంచి మెట్లెక్కి వెలుతురు గదిలోకి అడుగుపెట్టేటప్పటికి మనసు చదువుకు సిద్ధమవుతుంది. వాస్తుశిల్పం పాఠకుడిని ఇంత బాగా అర్థం చేసుకున్న చోటు నాకు మరొకటి తెలియదు.

అచ్చుయంత్రం వచ్చాక పుస్తకాల సంఖ్య పెరిగి ఈ ఏర్పాటు చాలలేదు. 1580ల్లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఎస్కోరియల్‌లో, హువాన్ దె ఎర్రేరా రూపకల్పనతో, 54 మీటర్ల పొడవైన మందిరం పొడవునా గోడకు ఆనించి అల్మారాలు నిలబెట్టించాడు. బల్లలు పోయాయి, నడిమి ఖాళీ అయింది. పైన కమాను కప్పు మీద తిబాల్ది చిత్రాలు, కింద పాలరాతి నేల. మీరు ఫొటోల్లో చూసే "రాజమందిరం" పుట్టింది ఇక్కడే. పుస్తకాలు గోడకు చేరగానే నడుమ ఖాళీ మిగిలింది, ఆ ఖాళీయే సభామందిరంలా మారి వైభవానికి చోటిచ్చింది. గొలుసు లేకపోయినా ఇక్కడ కూడా పుటల అంచులే బయటికి. వాటికి బంగారు పూత వేశారు కాబట్టి గోడంతా మెరుస్తుంది.

కానీ గోడ నిండా పుస్తకాలు పెడితే కిటికీ ఎక్కడ పెట్టాలి? తర్వాత రెండు వందల ఏళ్లు వాస్తుశిల్పుల బుర్రలు తొలిచిన ప్రశ్న ఇది. దీనికి నాకు నచ్చిన జవాబు కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో క్రిస్టఫర్ రెన్‌ది, పని 1676లో మొదలై 1695లో పూర్తయింది. బయటి నుంచి చూస్తే కింద కమానుల వరుస, పైన పెద్ద కిటికీల వరుస. కమానులు ఎక్కడ ముగుస్తాయో అక్కడ లోపలి నేల మొదలవుతుందని ఎవరైనా అనుకుంటారు. రెన్ నేలను కిందికి దించి, కమాను వంపు మొదలయ్యే చోటే పరిచాడు. కమానుల పైభాగాలు రాతితో పూడ్చాడు. బయట ఏ తేడా కనిపించదు. లోపల మాత్రం ఎత్తైన అల్మారాలకు పూర్తి గోడ దొరికింది, వాటి తలల మీదుగా కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఎండ ఎప్పుడూ పై నుంచి పుటల మీద పడుతుంది, పాఠకుడి కంట్లో పడదు.

డబ్లిన్ ట్రినిటీ కాలేజీ లాంగ్ రూమ్ గురించి ఒక మాట, ఎందుకంటే ప్రపంచంలో ఎక్కువగా పంచుకునే గ్రంథాలయం ఫొటోల్లో అదొకటి. ఆ చెక్క కమాను కప్పు చూసి అది మొదటి నుంచీ ఉందనుకుంటారు. 1732లో పూర్తయినప్పుడు దానికి ఉన్నది చదునైన కప్పు. 1801 నుంచి బ్రిటన్, ఐర్లండ్‌లలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి ఉచితంగా పొందే హక్కు రావడంతో అరలు నిండిపోయాయి. 1860లో కప్పు ఎత్తి పై వరుస అల్మారాలు చేర్చారు. అందరూ తల ఎత్తి చూసే ఆ గంభీరత చోటు చాలక పుట్టినది. 2022 నుంచి మరమ్మతుల కోసం అక్కడి సుమారు 2,00,000 పాత పుస్తకాలను తరలించడం మొదలైంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తెల్లగోడలు, బంగారు అంచులు, ఆకాశంలా చిత్రించిన కప్పులు ఉన్న 18వ శతాబ్దపు మఠ గ్రంథాలయాల్లో చదివేవారా? అంతగా లేదు. ఆస్ట్రియాలో 1776లో పూర్తయిన ఆడ్మాంట్ మఠ గ్రంథాలయం 70 మీటర్ల మందిరం, దానికి 48 కిటికీలు, ఏడు గోపురాలు, వాటి మీద ఆల్తొమోంతె చిత్రాలు. వాటిలో జ్ఞానం మెట్టు మెట్టుగా దైవప్రకాశం వైపు నడుస్తుంది. వేడి లేని ఆ మందిరంలో శీతాకాలం గంటల తరబడి కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు, సన్యాసులు పుస్తకం తీసుకుని తమ గదుల్లో చదువుకునేవారు. ఆ మందిరం అతిథులకు, రాజప్రతినిధులకు, మఠం తాను దేనికోసం ఉందో తనకు తాను చెప్పుకోవడానికి. దాన్ని వట్టి డాంబికమని కొట్టిపారేయను. స్విట్జర్లండ్‌లోని సాంక్ట్ గాలెన్ మఠ గ్రంథాలయం తలుపు మీద గ్రీకు భాషలో "ఆత్మకు వైద్యశాల" అని రాసి ఉంటుంది. అలా రాసుకున్నవాళ్లు దాన్ని నమ్మారు. మధ్యయుగం నుంచి తమ చేతిరాత ప్రతులను కాపాడుతూ రావడమే దానికి సాక్ష్యం.

ప్రాగ్‌లోని స్ట్రాహోవ్ మఠంలో తత్వశాస్త్ర మందిరం మీకు నచ్చిందని రాశారు. దాని వెనక పెద్ద కథ ఉంది. 1780ల్లో రెండో జోసెఫ్ చక్రవర్తి సమాజానికి ఉపయోగపడని మఠాలను మూసివేయించాడు. మూతపడిన లౌకా మఠం నుంచి అద్భుతమైన వాల్‌నట్ చెక్క అల్మారాలను స్ట్రాహోవ్ కొన్నది. అవి ఎంత ఎత్తో ఆ ఎత్తుకు తగ్గట్టు కొత్త మందిరం కట్టుకున్నది. భవనానికి తగిన సామాను కాక, సామానుకు తగిన భవనం అన్నమాట. పెద్ద గ్రంథాలయం నడపడం తమ మఠం దేశానికి అవసరమని చెప్పుకునే మార్గం కూడా.

పోర్చుగల్‌లోని కొయింబ్రా విశ్వవిద్యాలయంలో ఐదో జుఆవ్ రాజు 1717, 1728 మధ్య కట్టించిన జోనీనా గ్రంథాలయంలో గబ్బిలాలు కాపురం ఉంటాయి. రాత్రిపూట పుస్తకాల పురుగులను అవే తింటాయి. సాయంత్రం బల్లల మీద తోలు కప్పి, పొద్దున రెట్టలు శుభ్రం చేస్తారు. అదే దేశంలోని మాఫ్రా ప్రాసాద గ్రంథాలయంలోనూ ఇదే ఏర్పాటు. చాలామంది దీన్ని వింతగా చెప్పుకుంటారు. విషపు మందులు చల్లిన పుస్తకాలతో పనిచేసిన ఎవరినైనా అడగండి, గబ్బిలాలే మేలంటారు. గోడలు రెండు మీటర్లకు పైగా మందం కావడంతో లోపలి వాతావరణం ఏడాది పొడవునా పెద్దగా మారదు.

19వ శతాబ్దంలో వెలుగు, తాళంచెవి అనే నా రెండు ప్రశ్నలకూ ఒకేసారి కొత్త జవాబులు వచ్చాయి. పారిస్‌లో ఆంరీ లాబ్రూస్ట్ కట్టిన సెంట్ జెన్వియెవ్ గ్రంథాలయం 1851లో తెరుచుకుంది. బయట గోడ మీద విగ్రహాలకు బదులు 810 మంది రచయితల పేర్లు చెక్కారు, ఆ పేర్ల వెనకే లోపల అల్మారాలు. పైన చదువుకునే మందిరం నడుమ 16 సన్నని పోత ఇనుప స్తంభాలు, వాటి మీద ఇనుప అల్లికల కమానులు. అప్పటిదాకా రైల్వేస్టేషన్లకు, అంగళ్లకు మాత్రమే తగుతుందనుకున్న ఇనుము చదువు గదిలో సిగ్గుపడకుండా నిలబడింది. అంతకంటే ముఖ్యం, అక్కడ గ్యాసు దీపాలు పెట్టి రాత్రి పది దాకా తెరిచి ఉంచారు. పగలంతా పనిచేసేవాడికీ గ్రంథాలయం అందింది. ఆడ్మాంట్ కప్పు మీద ఎన్ని గోపురాలున్నా, నన్ను ఎక్కువగా కదిలించేది ఈ గది.

ఇటలీ నుంచి ప్రవాసం వచ్చి లండన్ బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో పనిచేసిన ఆంటోనియో పనిజ్జి, 1836లో పార్లమెంటు కమిటీ ముందే చెప్పాడు: దేశంలో అందరికంటే ధనవంతుడికి ఎన్ని పుస్తకాలు అందుతాయో బీద విద్యార్థికీ అన్ని అందాలని. ఆయన ఆలోచనతో సిడ్నీ స్మర్క్ బ్రిటిష్ మ్యూజియం పెరట్లో కట్టిన గుండ్రని పఠన మందిరం 1857లో తెరిచారు. గోపురం వ్యాసం సుమారు 42.6 మీటర్లు. నడుమ సిబ్బంది, వారి చుట్టూ పుస్తకాల పట్టికలు, అక్కడి నుంచి కిరణాల్లా బల్లలు. మార్క్స్ ఏళ్ల తరబడి చదివింది ఇక్కడే. అయినా పొగమంచు దట్టంగా కమ్మిన రోజున వెలుతురు లేక మూసేసేవారు, 1879లో విద్యుద్దీపాలు వచ్చేదాకా. పుస్తకాలు మాత్రం గుండ్రని గది చుట్టూ ఇనుప అరల నిల్వగదుల్లోకి వెళ్లిపోయాయి. 1911 నాటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోనైతే పాఠకులు కూర్చునే గది నేలను కింద ఏడు అంతస్తుల ఇనుప అరలే మోస్తున్నాయి. అందరికీ తలుపు తెరిచిన రోజునే పుస్తకం కంటికి కనిపించకుండా పోయింది, చీటీ రాసి తెప్పించుకోవాలి. లాభమే ఎక్కువ, నష్టమూ ఉంది: వెతకని పుస్తకం చేతికి తగిలే అదృష్టం పోయింది.

నిప్పు భయం పాతబడిందని అనుకోకండి. 2004 సెప్టెంబరు 2 రాత్రి జర్మనీలోని వైమార్‌లో డచెస్ ఆన్నా అమాలియా గ్రంథాలయం పై అంతస్తులు కాలిపోయాయి. సుమారు 50,000 పుస్తకాలు బూడిదయ్యాయి, 62,000 మంటల్లో, నీటిలో దెబ్బతిన్నాయి. కొద్ది వారాల్లో కొత్త నిల్వగదులకు మార్చాల్సిన పుస్తకాలవి. ఊరివాళ్లు, సిబ్బంది వరుసగా నిలబడి చేతుల మీదుగా వేల పుస్తకాలు బయటికి అందించారు. తడిసినవాటిని వెంటనే గడ్డకట్టించారు. తడి పుస్తకం మామూలు గదిలో రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది, గడ్డకడితే ఆగుతుంది. తర్వాత గాలి తీసేసిన పెట్టెలో ఉంచితే మంచు నీరుగా మారకుండా నేరుగా ఆవిరైపోతుంది, సిరా చెదరదు. ఆ మందిరం 2007 అక్టోబరులో తిరిగి తెరిచారు. పుస్తకాల మరమ్మతు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది.

ఒక్కటే చూడగలిగితే ఏది? ఇటలీలోని చెజేనా పట్టణంలో మలటెస్టియానా. మీ జాబితాలో అది లేదు, ఫొటోల్లో అంతగా మెరవదు. అక్కడి పాలకుడు మలటెస్టా నొవెల్లో ఆసరాతో ఫ్రాన్సిస్కన్ మఠంలో మత్తెయో నూతి 1447, 1452 మధ్య కట్టాడు. నడుమ నడవ, అటూ ఇటూ బల్లల వరుసలు, మొత్తం 58 వాలుబల్లలు, ప్రతి వరుసకూ చిన్న కిటికీల వెలుగు. ఆనాటి చేతిరాత పుస్తకాలు ఆనాటి గొలుసులతో ఆ బల్లలకే ఇప్పటికీ ఉన్నాయి. మిగతా చోట్ల భవనం మిగిలితే పుస్తకాలు పోయాయి, పుస్తకాలు మిగిలితే బల్లలు పోయాయి. ఇక్కడ అన్నీ ఒకచోటే ఉన్నాయి. ద్వారానికి రెండు తాళాలు. ఒక చెవి సన్యాసుల దగ్గర, రెండోది పట్టణ పాలకమండలి దగ్గర, ఇద్దరూ వస్తేనే తెరుచుకునేది. మఠాలు మూతపడి, పాలకులు మారిపోయినా ఆ సేకరణ చెదిరిపోకపోవడానికి పట్టణం చేతిలోని ఆ రెండో చెవే కారణమని నా అభిప్రాయం. బొలోనా నుంచి రిమిని వెళ్లే రైలు మార్గంలోనే ఈ ఊరు. వీలైతే ఉదయం పూట వెళ్లండి, లోపల దీపాలు కాక కిటికీలు ఏ బల్ల మీద ఎంత వెలుగు వేస్తున్నాయో చూడండి.